నడచు ఒడ్డునకు రేవు

సముద్రతీరమున వెలసిన పట్టణమునకు రేవు ఎచట నుండవలెనని అడిగినచో, ప్రత్యుత్తరము చెప్పుటకు తరతరముల అనుభవమును, గ్రంథస్థమైన శాస్త్రమును సిద్ధముగా నున్నవి. కాని సముద్రమునకు నూరు కిలోమీటర్ల దూరమున, నల్లమల వెలిగొండల నడుమ ఒదిగియున్న మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో పడవ దింపుటకు, వల ఆరవేయుటకు, చేపల గంప మెరకకు చేర్చుటకు తగిన చోటు ఏదియని అడిగినచో, ఆ ప్రశ్న మరింత కఠినమైనదని కొంచెము ఆలోచించినంతనే తెలియును. ఏలయన, కడలికి ఒడ్డు ఉన్నచోటనే ఉండును. అల ముందునకు వచ్చి వెనుకకు పోవునేగాని ఏడాది పొడుగున తీరము తన స్థానమును పెద్దగా విడువదు. చెరువు ఒడ్డు అట్లు కాదు. కార్తికమున ఎగువయంచును తాకుచున్న నీరు వైశాఖము నాటికి మైలు దూరము తొలగిపోయి, నిన్నటి రేవును నేటి బీడుగా మార్చివేయును. ఇట్లు నడచుచున్న ఒడ్డునకు నిలుకడగల రేవును కట్టుట ఎట్లన్నదియే ఈ అధ్యాయమున విచారింపదగిన విషయము.

మొదట ఈ సీమలో ఇంతటి జలాశయములు ఏల ఏర్పడినవో తెలిసికొనవలెను. భూగర్భశాస్త్రజ్ఞులు ఇచటి శిలలను నల్లమల సముదాయమని పిలుచుచు, అందలి రెండు ప్రధానశ్రేణులకు ఈ ప్రాంతపు పేర్లనే పెట్టిరి: బైరెన్‌కొండ క్వార్ట్‌జైటు ఒకటి, కంభం పలకరాయి మరియొకటి. మొదటిది ఇసుకరాయి భూగర్భపు వేడికిని ఒత్తిడికిని లోనై గట్టిపడిన శిల. ఎండకును వానకును లొంగక శిఖరములుగా నిలిచినది. రెండవది బురదమట్టి పొరలుపొరలుగా అణగి ఏర్పడిన మెత్తని శిల. మార్కాపురపు పలకలుగా బడిపిల్లల చేతులకెక్కినది ఈ జాతిరాయియే. మెత్తని రాయి అరిగిపోయి లోయలైనది, గట్టిరాయి గోడలుగా మిగిలినది, ఆ గోడలలో పగుళ్లు పారినచోట్ల ఏరులు దారిచేసికొని గండ్లైనవి. గుండ్ల బ్రహ్మేశ్వరము చెంత నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ అట్టి గండి నొకదానిని కంభము వద్ద దాటి తూర్పుసముద్రము దెసకు సాగుచుండెను. గజపతుల ఆడుబిడ్డయు, కృష్ణదేవరాయల పత్నియు అయిన వరదరాజమ్మ ఆ గండిని మూయించి చెరువు కట్టించెనని ఈ ప్రాంతపు ప్రసిద్ధి. కట్ట ఎత్తు 57 అడుగులు. దానివెనుకకు నీరు చేర్చు పరీవాహప్రదేశము 430 చదరపు మైళ్లు. రెండు కొండల నడుమ పొట్టికట్ట యొకటి వేసినంతమాత్రమున ఏడు కిలోమీటర్ల పొడవును, మూడున్నర కిలోమీటర్ల వెడల్పును గల సరస్సు నిలుచుట, స్థలమెరిగిన నిర్మాత బుద్ధికి సాక్ష్యము. అంతర్జాతీయ నీటిపారుదల సంఘము 2020లో ఈ చెరువును వారసత్వ నిర్మాణముగా గుర్తించినది; ఆ గుర్తింపు ఎన్నడో రావలసినది.

ఇట్టి లోయచెరువు అడుగుభాగము పళ్లెమువలె సమముగా ఉండదు. కట్టవైపున లోతు, ఎగువకు పోయినకొలది పలుచన. ఎగువభాగమున నేల నూరు మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలియున్నదనుకొందము. నీటిమట్టము ఒక్క మీటరు తగ్గినచో ఒడ్డు నూరు మీటర్లు వెనుకకు పోవును. రెండువందల మీటర్లకు మీటరు వాలైనచో రెండువందల మీటర్లు. పొలములకు తూములు విడిచిన నీటిని పూర్తిగా మరచినను, ఈ సీమ ఎండకు ఆవిరియై పోవునదియే సంవత్సరమునకు మీటరున్నరకు మించును. కనుక ఒక్క చేపయైనను పట్టకయే, ఒక్క మడియైనను తడపకయే, చెరువు తన ఒడ్డును ఎగువభాగమున నూటయేబది మీటర్లు ఈడ్చుకొని పోవుచున్నది. కట్టకును కొండకును ఆనుకొన్న నిట్రవాలు చోట్లనైతే అదే మీటరున్నర తగ్గుదలకు ఒడ్డు నాలుగైదు బారలకు మించి కదలదు. రేవునకు స్థలము వెదకువాడు మొదట చూడవలసినది ఊరికి దగ్గరయా దూరమా అన్నది కాదు, నేలవాలు ఎంత అన్నది.

నీరు తీసిన చెరువులో వేకువవేళ వల తీసివచ్చు జాలరి పాటు చూచినవారికి ఈ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు. వెదురుతట్టకు తారుపూసి చేసిన పుట్టి గట్టినేలకు ముప్పది నలుబది అడుగుల దూరముననే బురదను తాకి ఆగిపోవును. అతడు దిగును, మొదటి అడుగు చీలమండ వరకు, రెండవది పిక్క వరకు, మూడవది మోకాలు దాటి దిగబడును. ఒకచేత తెడ్డు నానించి కాలు పెరుకుచు, గోనెసంచిలో చేపలు తలకెత్తుకొని గట్టు చేరి, మరల వెనుకకు వచ్చి వలను భుజమున వేసికొని, మూడవమారు వచ్చి పుట్టిని బోర్లించి వీపునకెత్తుకొనును. పుట్టికి సైతము స్తోమతు చాలనివాడు థర్మాకోలు పలకలను గోతాములో కుట్టి తెప్పగా చేసికొని, దానిమీద కాళ్లు చాచి కూర్చుండి నీటిపైకి పోవును. గట్టున మోపెడ్డు నిలిపి కొనువాడు తక్కెడతోను, ఐసుపెట్టెతోను వేచియుండును. బొచ్చెయు శీలావతియు నీటినుండి వెలువడిన క్షణమునుండియే సూక్ష్మజీవులు వాని చర్మముపైనను మొప్పలలోను పెరుగనారంభించును. మంచుగడ్డ వేడిమికి దించినచో ఆ పెరుగుదల మందగించును, ఎండలో ఉంచినచో వేగముగా ఇబ్బడియగును. బురదలో జరిగిన అరగంట జాలరికి కాళ్లనొప్పిగా మాత్రమే మిగులదు, ధరలో కోతగాను మిగులును. చదునైన రేవొకటి ఉన్నచో అతనికి లభించునది సౌకర్యమని కొందరు తేలికగా అందురు. నేనైతే దానిని కూలి అందును, ఏలయన అది సరిగా అతనికి చెందవలసిన సొమ్మే.

సముద్రపు రేవుల శాస్త్రమునుండి ఇచటికి పనికివచ్చునదేమి, పనికిరానిదేమి? కడలిలో ఆటుపోటులు పండ్రెండుగంటల ఇరువదియైదు నిమిషముల కొకమారు చొప్పున వచ్చిపోవుచుండును. విశాఖపట్టణమున పున్నమి అమావాస్యలనాటి పోటుకును ఆటుకును నడుమ అంతరము ఒకటిన్నర మీటరునకు లోపే. ఆ మాత్రపు కదలికకు మెట్లు నాలుగు ఎక్కువ కట్టినచో చాలును. సముద్రపు రేవునకు అసలు శత్రువు ఇసుక. మన తూర్పుతీరమున అలలు ఏటవాలుగా తాకుచు ఏడాదిలో అధికభాగము ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు తరలించుచుండును. ఆ ప్రవాహమునకు అడ్డముగా 1876లో మదరాసున రాతిగోడలు వేయనారంభింపగా, దక్షిణమున ఇసుక మేటవేసి నేటి మెరీనా విశాలమైనది, ఉత్తరమున రాయపురపు తీరము కోతకు గురియైనది. ఒక ఊరికి మేలుచేసిన గోడ పొరుగూరి ఒడ్డును తినివేయగలదని ఆ అనుభవము నేర్పెను. ప్రకాశము జిల్లా కొత్తపట్నమునకును, నేడు బాపట్ల జిల్లాలో చేరిన ఓడరేవునకును చేపలరేవులు తలపెట్టిన ఇంజనీర్లకు ఈ చింత తప్పదు. చెరువునందు అట్టి ఇసుక లేదు, కాని పూడిక కలదు. ఏరు చెరువులో చేరుచోట వేగము చచ్చి, తెచ్చిన ఒండ్రునంతటిని అచటనే దించివేయును; ముతకయిసుక ముందు, సన్నని బురద తరువాత. కావున ఏటిమొగకు చేరువగా రేవు కట్టుట, రెండు మూడు వానకాలములలో తానే పూడుకొనుదానిని డబ్బు పోసి కట్టుటయే.

తీరపు చరిత్రనుండి మరియొక పాఠము కలదు, అది రాతికట్టడమును గూర్చినది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుపానులో దెబ్బతిని ఒడ్డెక్కిన ఓడల సరకును పూర్వరాజులు బలిమిని లాగికొనుచుండగా, తాను నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు తీసికొననని ఆయన వర్తకులకు మాటయిచ్చెను. రేవునకు రాతిమెట్లెంత ముఖ్యమో, అచట దిగినవానికి ఏమి అడుగుదురో ముందే తెలిసియుండుట అంత ముఖ్యము. నేడు చెరువుగట్టున చేప దించువానిని ఎవరు ఎంత అడుగవచ్చునో, మత్స్యకార సహకారసంఘపు హక్కు ఎచట మొదలై ఎచట ముగియునో రేవుమొదట రాతిపై చెక్కి నిలుపుట, ఎన్ని దీపస్తంభములు పాతినదానికన్నను మిన్న.

ఇక వాలు. పడవను నీటిలోనికి జారవిడుచు రేవుబాటను నూరు మీటర్లకు పండ్రెండు మొదలు పదునైదు మీటర్లవరకు వాలునట్లు కట్టుట లోకమంతట పరిపాటియైనది. అంతకన్న పలుచనైనచో ట్రాలీ ఇరుసు మునిగినను పడవ తేలదు; అంతకన్న నిటారైనచో తడిసిన బాటమీద మనుష్యుని కాలు నిలువదు, బండి చక్రము పట్టు వీడును. ఎనిమిదింట ఒకటి వాలున, పది మీటర్ల మట్టపు హెచ్చుతగ్గులకు సరిపోవు బాట కావలెనన్నచో దాని పొడవు ఎనుబది మీటర్లు కావలెను, అడుగుభాగమున అదనముగా ఐదారు మీటర్లు కలుపవలెను. బాటతోక తెగినచోట పడవ ఇంజను తోడిన నీరు మట్టిని తవ్వి గొయ్యి చేయును గనుక, అచట పెద్దరాళ్లు పేర్చి కోత నరికట్టవలెను. తడిసి ఆరుచుండు పట్టీ మీదనే పాచి పట్టును. కావున నున్నని కాంక్రీటు తగదు, తడిగానుండగనే అడ్డుగాళ్లు గీచి, నీరు పక్కలకు జారిపోవునట్లు ఆ గాళ్లను ఏటవాలుగా వేయవలెను. మన పలకరాయి చూచుటకు అందమైనదైనను పొరలుగా చీలి నున్నగా తేలును, తడిసిన చెప్పు దానిపై జారును. మెట్లకును బాటలకును గరుకైన నల్లమల క్వార్ట్‌జైటు బండయే యోగ్యము.

గాలిని సైతము లెక్కింపవలెను. నీటిమీద గాలి ఎంతదూరము అడ్డులేక వీచునో అంత పెద్దఅల లేచును. సెకనుకు పది మీటర్ల గాలి ఏడు కిలోమీటర్ల నిడివిగల చెరువుమీద నిలుకడగా వీచినచో, ఆవలియొడ్డున అలలు అరమీటరునకు చేరువగును. పుట్టి అంచు నీటిపైకి ఉండునదియే ఒక జానెడు. ఈ సీమ చెరువులు నిండుగనుండునవి ఆశ్వయుజ కార్తికములు, అప్పటి గాలి ఈశాన్యము. నైరృతిగాలి బలముగా వీచు ఆషాఢ శ్రావణములలో నీరు తక్కువ. కనుక నిండుచెరువు రేవును ఈశాన్యపుటంచున గాని, చొచ్చుకొనివచ్చిన కొండచరియ చాటున గాని ఉంచవలెను. కొండచరియ గాలిని ఆపుటయే గాక నిట్రవాలును కూడ ఇచ్చును. ఒకే స్థలమున రెండు మేళ్లును కలియుట మనకు ప్రకృతి చేసిన సాయము.

మట్టముతోపాటు తానును దిగు తేలుడురేవును పూర్వులు పడవలను వరుసగా కట్టి సాధించిరి. నేడు గాలిడబ్బాలతో చేయుచున్నారు. దానిని నడిపించునది ఆర్కిమిడీసు సూత్రమే: తేలు వస్తువు తన బరువునకు సరిపడు నీటిని తొలగించును. పదిమీటర్ల పొడవు, మూడుమీటర్ల వెడల్పుగల తేలుడుపలకపై సగటున 65 కిలోల బరువుగల ఇరువదిమంది నిలిచినచో మొత్తము 1300 కిలోలు. ముప్పది చదరపు మీటర్లపై పంచగా నాలుగు సెంటీమీటర్లకు కొంచెము పైమాటగా దిగును. భయపడవలసినది ఈ దిగుడును గూర్చి కాదు, ఆ ఇరువదిమందియు ఒకే అంచునకు ఒక్కమారుగా తరలుటను గూర్చి. గురుత్వకేంద్రము పక్కకు జరిగినంత తేలుడుకేంద్రము జరుగలేనప్పుడు పలకయైనను పడవయైనను ఒరిగి తలక్రిందగును. 2017 నవంబరు 12న కృష్ణలో ఇబ్రహీంపట్నము ఫెర్రీ చెంత పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో అనేకులు మన ఒంగోలు వారు. అనుమతిలేని పడవ, మితిమీరిన జనము, ఒంటికి తొడుగని రక్షణకవచములు. ఈ మూడింటిని అడ్డగింపవలసినచోటు నది నడుమ కాదు, రేవు. ఎక్కువారిని లెక్కించు ఒక సన్ననిద్వారము, కవచము తొడిగినగాని దాటనీయని ఒక మనిషి, అంచులకు రొమ్మెత్తు కమ్మి: రేవు ప్రణాళికలో ఇవి చివర చేర్చు అలంకారములుగా గాక మొదటి గీతలోనే ఉండవలెను.

రేవునకు ఒడ్డంతయు ఇచ్చివేయరాదు. బొచ్చెయు, శీలావతియు, ఎర్రమోసును నిలిచిన చెరువునీట సామాన్యముగా గ్రుడ్లు పెట్టవు, వానికి వరదపారుదల కావలెను. అందువలననే వాని పిల్లలను తెచ్చి చెరువులలో వదలుచున్నారు. కాని కొర్రమీను ఒడ్డుపట్టున తుంగ, నాచు పెరిగిన పలుచనినీటిలోనే గూడు చేసి, పిల్లలగుంపును తల్లిదండ్రులు కావలికాచి పెంచును. అందముకొరకు చుట్టును రాతిగోడ కట్టి తుంగను పెకలించినచో ఆ చేప ఆ చెరువును విడిచినట్లే. నిట్రవాలున్న నాలుగు చోట్లను మనుష్యులకును పడవలకును ఇచ్చి, పలుచని ఎగువయొడ్డును చేపకును కొంగకును విడిచిపెట్టుట సరియైన పంపకము.

ఇదంతయు ఇప్పుడు చెప్పుటకు అత్యవసరమైన కారణమొకటి కలదు. పూల సుబ్బయ్య పేర వెలిగొండ ప్రాజెక్టునకు 1996లో పునాదిరాయి పడినది. శ్రీశైలజలాశయపు వెనుకనీటినుండి కొల్లంవాగు మొదలుకొని నల్లమలను తొలిచి, ఒక్కొక్కటి పదునెనిమిది కిలోమీటర్లకు పైబడిన రెండు సొరంగములద్వారా 43.5 టీఎంసీల కృష్ణవరదనీటిని దోర్నాల దిక్కునకు తెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లను మూయగా ఏర్పడు నల్లమలసాగరమున నిలుపవలెనని సంకల్పము. ఆ సాగరపు సామర్థ్యము 53.85 టీఎంసీలు. ఐదువందల ఏండ్లనాడు కంభమున చేసినదే ఇచట మూడు గండ్లయందు చేయబడినది: కొండలు గోడలు, ఏరులు కోసిన సందులు ద్వారములు. సొరంగములు 2024 మార్చిలో జాతికంకితమైనవి, సాగరము నిండవలసియున్నది.

నిండకముందున్న ఈ ఎడము రేవుశాస్త్రమునకు పరమావకాశము. నీరు చేరినతరువాత అడుగుబాట కట్టవలెనన్నచో నీటిని ఆపుటకు అడ్డుకట్టలు, తోడుటకు యంత్రములు, లోతులో కాంక్రీటు పోయుటకు నిపుణులు కావలెను. నేడైతే ఎడ్లబండి పోవు నేలమీద తాపీపనివాండ్రే ఎనుబది మీటర్ల బాటను ఒక వేసవిలో వేయగలరు. శ్రీశైలమున పూర్తిమట్టము 885 అడుగులు, కనిష్ఠమట్టము 854 అడుగులని లెక్క. ఆ ముప్పదియొక్క అడుగుల నడుమ ఒడ్డు కదలినకొలది, ఉత్తరకోస్తా జిల్లాలనుండి వలసవచ్చిన జాలరికుటుంబములు గుడిసెలు పెరికికొని నీటివెంట దిగుచు ఎక్కుచు బ్రతుకుచున్నవి. నల్లమలసాగరము వరదమాసములలో నిండి, తక్కిన కాలమంతయు తగ్గుచుండునది గనుక అదే కదలిక ఇచటను కలుగును. పటముమీద నిండుమట్టపు గీతను గీచి రేవు గుర్తించిన ఇంజనీరు ఏడాదిలో రెండుమూడు నెలలకే రేవు కట్టినవాడగును. నిండు, సగము, అడుగు అను మూడు మట్టముల గీతలను గీచి, ఆ మూడును ఒకదానికొకటి దగ్గరగా పోవుచున్న చోట్లను గుర్తించినచో వాలుచోట్లు తమంతట తామే బయటపడును. గండ్లప్రక్కనున్న కొండపాదములు అట్టివి.

మునిగిపోవు సుంకేసుల, గుండంచర్ల, కలనూతల, గొట్టిపడియ మొదలగు గ్రామములవారు తమ పొలములు ఎచట ఎత్తో ఎచట పల్లమో, ఏ వాగు వానకు ఎంత ఒండ్రు దించునో సర్వేపటములకన్న సూక్ష్మముగా ఎరుగుదురు. భూమిని కోల్పోయి నీటిని ఇచ్చినవారు వారే. ఆ నీటిమీది చేపహక్కున వారికి పాలు ఉండవలెనన్నది నా దృఢాభిప్రాయము. మత్స్యసంఘము ఏర్పరచునాడు ఇప్పటికే వృత్తియందున్న బెస్తలతో పాటు నిర్వాసితులను చేర్చి, ఈతయు, వలయు, పడవనడుపుటయు నేర్పవలెను. గేట్ల కాపుదలను సైతము ఈ లెక్కలోనికే తేవలెను. దిగువను మల్లవరము వద్ద గుండ్లకమ్మ జలాశయపు గేటు 2022లో కొట్టుకొనిపోగా, మరల 2023 డిసెంబరు తుపానులో మరియొకటి పోగా, నిలువయున్న నీరు సముద్రము పాలై, ఆ నీటిని నమ్మిన జాలరుల బ్రతుకు ఎండినది. ఎంత చక్కని రేవైనను నీరు నిలుపు ఇనుపతలుపుకన్న గట్టిది కాజాలదు.

తలపెట్టువారు నేడే చేయదగిన పని స్వల్పము. మూడు గండ్లకును ఒక్కొక్క రేవుచొప్పున, ఎగువలోయలో నిట్రవాలున్నచోట ఒక రేవునకును స్థలము నిర్ణయించి, నిండుమట్టమునుండి అడుగుమట్టమువరకు బాట వేయవలెను. బాట తలవద్ద పదిబండ్లు తిరుగు చదును, నీడ, మంచినీటి కుళాయి, ఐసునిల్వ గది, స్త్రీలు చేప అమ్ముకొనుటకు ఎత్తైన అరుగులు, పక్కా దారి. ప్రతి మీటరు దిగుడునకు అంచురాతిపై మట్టపు అంకె చెక్కవలెను. అప్పుడు జాలరికి నీరెంత తగ్గినదో తెలియుటయే గాక, తూము విప్పు ఉద్యోగికిని, వరి నాటవలెనా జొన్న వేయవలెనా అని తలపోయు మార్కాపురపు రైతునకును ఒక్క చూపున లెక్క దొరకును.